పాత ఇల్లు అమ్ముడవకముందే కొత్త ఇల్లు: వడ్డీ, గడువు, బేరం

పశ్చిమ ప్రకాశంలో ఇల్లు మారడమంటే చాలా కుటుంబాలకు ఊరు మారడమే. తర్లుపాడు, పెద్దారవీడు, దోర్నాల పల్లెల వాళ్లు పిల్లల చదువుల కోసం మార్కాపురం చేరతారు. కొమరోలు, రాచర్ల వైపు వాళ్లు గిద్దలూరులో స్థిరపడాలనుకుంటారు. మార్కాపురంలోనే ఉద్యోగం చేసి రిటైరయ్యేవాళ్లు ఒంగోలు వైపో, పిల్లలున్న హైదరాబాద్, బెంగళూరు వైపో చూస్తారు. అందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటే. ఉన్న ఆస్తంతా పాత ఇంట్లోనే ఉంటుంది. అది అమ్మితే తప్ప కొత్త ఇంటికి డబ్బు రాదు. అమ్మేస్తే సామాను ఎక్కడ దించాలో తెలియదు.

ఇలాంటప్పుడు చాలామంది కొత్తది ముందు కొనేస్తారు. నచ్చిన ఇల్లు, నచ్చిన దిక్కు, అందుబాటు ధర ఒక్కచోట కుదరడం అరుదు కాబట్టి కుదిరినప్పుడు వదులుకోబుద్ధి కాదు. గృహప్రవేశానికి మాఘంలోనో వైశాఖంలోనో ముహూర్తం చూసుకుంటారు. జూన్‌లో బడులు తెరిచేలోగా సర్దుకోవాలి. అలా కొనే తేదీని పంచాంగమూ బడీ కలిసి ఖాయం చేసేస్తాయి. అమ్మే తేదీ మాత్రం ఇంకా ముఖమైనా చూడని కొనుగోలుదారు చేతిలో ఉంటుంది. ఆ రెండు తేదీల నడుమ ఖాళీని నింపడానికి తెచ్చే అప్పును బ్యాంకుల భాషలో బ్రిడ్జ్ లోన్ అంటారు. ఊళ్లో దానికి ప్రత్యేకించి పేరేమీ లేదు, అదీ ఒక బదులే. దాని అసలు భారం వడ్డీ రేటులో కన్నా ఆ ఖాళీ ఎన్నాళ్లన్న దానిలోనే ఎక్కువ. రేటు సంతకం పెట్టే రోజే తెలిసిపోతుంది. ఎన్నాళ్లన్నది తెలియదు. అయితే తెలియని గడువును కూడా లెక్కలోకి తెచ్చే పద్ధతులు అర్థశాస్త్రంలో ఉన్నాయి.

ముందుగా ఒక ఊహా లెక్క వేసుకుందాం. గిద్దలూరులో సొంత ఇల్లున్న ఉపాధ్యాయ దంపతులు మార్కాపురంలో 40 లక్షల ఇల్లు చూసుకున్నారనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకపు దస్తావేజుకు స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, అంతా కలిపి 7.5 శాతం. అంటే మరో 3 లక్షలు. ఈ మొత్తాన్ని బ్యాంకులు సాధారణంగా ఇంటి విలువలో కలపవు, చేతి నుంచే పెట్టుకోవాలి. మొత్తం 43 లక్షల్లో వాళ్ల పొదుపు 9 లక్షలు, జీతాల మీద వచ్చే గృహ రుణం 14 లక్షలు. ఇంకా 20 లక్షలు తక్కువ. గిద్దలూరు ఇంటికి 24 లక్షలు వస్తాయని వాళ్ల నమ్మకం. వస్తే అప్పు తీరి 4 లక్షలు మిగులుతాయి. కాగితం మీద ఎక్కడా తప్పు లేదు.

ఇక ఆ 20 లక్షలు ఎక్కడి నుంచి తేవాలి? ఊళ్లో అందరికీ తెలిసిన దారి ప్రోనోటు. అచ్చు ఫారం మీద పేర్లు, అంకెలు నింపుతారు, రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం పెడతారు, ఇద్దరు సాక్షులు సంతకాలు చేస్తారు. అందులో కుటుంబ అవసరాల నిమిత్తం అన్న మాట ఉంటుంది, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అన్న మాట ఉంటుంది. మీరు కోరినప్పుడు చెల్లించగలను అన్న మాట కూడా ఉంటుంది. సంతకం పెట్టేవాళ్లు దాన్ని దాదాపు ఎప్పుడూ పట్టించుకోరు. పాత ఇల్లు అమ్ముడయ్యాక తీరుస్తానన్నది నోటి మాట. కాగితం మాత్రం అప్పిచ్చినాయన రేపు అడిగినా ఇవ్వాలంటుంది. ఖాళీ ఎన్నాళ్లుంటుందో తెలియని అప్పుకు ఏ రోజైనా అడగదగిన నోటు రాయడమే ఇందులోని మొదటి ప్రమాదం.

రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నదే. ఏడాదికి అది 24 శాతం. 20 లక్షల మీద నెలకు 40 వేలు. నెలనెలా కట్టకుండా ఇల్లు అమ్మినప్పుడు ఒకేసారి చూసుకుందాంలే అనుకుని ఏడాది చివర వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాస్తే, మొదటి ఏడాదికే బాకీ 24 లక్షల 80 వేలవుతుంది. గిద్దలూరు ఇల్లు ఆశించిన ధరకే అమ్ముడైనా ఆ బాకీ తీరదు. రెండో ఏడాది చివరకు అది 30 లక్షల 75 వేలు దాటుతుంది. ప్రోనోటు మీద దావా వేయడానికి కాలపరిమితి మూడేళ్లు కాబట్టి ఆలోగా నోటు తిరగరాయడం మామూలే. తిరగరాసిన ప్రతిసారీ వడ్డీ అసలుగా మారిపోతుందన్నది ఆ పూట ఎవరికీ గుర్తుండదు.

బ్యాంకులు, గృహ రుణ సంస్థల్లో కొన్ని ఈ అవసరానికే ప్రత్యేకంగా బ్రిడ్జ్ లోన్ ఇస్తాయి. గడువు సాధారణంగా రెండేళ్లు దాటదు. ఏడాదికి పదిన్నర శాతం అనుకుంటే 20 లక్షల మీద నెలకు 17,500 రూపాయలు, ప్రోనోటు వడ్డీలో సగం కూడా కాదు. మరి ఊళ్లో జనం ఈ దారి ఎందుకు పట్టరు? బ్యాంకుకు పాత ఇంటి కాగితాలు కావాలి. పల్లెల్లో ఇళ్లు ఎక్కువగా గ్రామకంఠంలో ఉంటాయి. తాతల నాటి నుంచి అనుభవంలో ఉన్నా రిజిస్టరు దస్తావేజు ఉండదు, లింకు డాక్యుమెంట్లు ఉండవు, ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే ఏమీ రాదు. 2020 ఏప్రిల్‌లో కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం ఇలాంటి ఇళ్లకే ఆస్తి కార్డులు ఇవ్వడానికి ఉద్దేశించింది. కార్డు చేతికొచ్చినవాళ్లకు బ్యాంకు మెట్లెక్కే దారి కొంత తెరుచుకుంటుంది. లేనివాళ్లకు ఇల్లు ఉన్నా తాకట్టుకు పనికిరాదు. అంటే చవక అప్పు కాగితాలున్న టౌను ఇంటివాళ్లకు, ఖరీదైన అప్పు కాగితాలు లేని పల్లె ఇంటివాళ్లకు. వీళ్ల ఇల్లే అమ్ముడవడానికి ఎక్కువ కాలం పడుతుంది కూడా. ఈ అన్యాయం గురించి మనం మాట్లాడుకోవలసినంత మాట్లాడుకోవడం లేదు.

బంగారం మీద అప్పు వీటి నడుమ ఉంటుంది. కాగితాల బాధ లేదు, వడ్డీ ప్రోనోటు కన్నా తక్కువ. కానీ పెద్ద మొత్తాలకు రిజర్వు బ్యాంకు బంగారం విలువలో 75 శాతానికి మించనివ్వదు. 20 లక్షలు కావాలంటే దాదాపు 26 లక్షల 70 వేల విలువైన నగలు తాకట్టు పెట్టాలి. అంత బంగారం ఉన్న ఇంట్లో ఈ చర్చే ఉండేది కాదేమో! పైగా అసలూ వడ్డీ చివర్లో ఒక్కసారే కట్టే రకానికి గడువు ఏడాదే. చిట్టీ ముందుగా పాడుకుంటే కసరు పోతుంది. బావమరిది ఇచ్చే చేబదులుకు వడ్డీ ఉండదు, కానీ ఆయన కూతురి పెళ్లి కుదిరిన రోజు గడువు తీరిపోతుంది. ఏ చేబదులైనా 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. ఇంటి బేరంలో అడ్వాన్సుకూ అదే హద్దు. మీరితే తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. పన్ను కట్టవలసిన ఆదాయం లేక, ఇరువైపులా వ్యవసాయ ఆదాయమే ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. మిగతావాళ్లు బ్యాంకు ఖాతా ద్వారానే నడపాలి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఇల్లు ఎన్నాళ్లకు అమ్ముడవుతుంది? కొనేవాడూ అమ్మేవాడూ ఒకరినొకరు వెతుక్కోవలసిన బజార్లు ఎలా నడుస్తాయో విశ్లేషించినందుకే పీటర్ డైమండ్, డేల్ మోర్టెన్సెన్, క్రిస్టఫర్ పిసారిడెస్‌లకు 2010లో అర్థశాస్త్రపు నోబెల్ బహుమతి వచ్చింది. వాళ్లు ఎక్కువగా చూసింది ఉద్యోగాల బజారును, కానీ ఆ ఆలోచన ఇళ్లకూ సరిగ్గా సరిపోతుంది. బియ్యం బస్తాకు ఈ రోజు ధర కట్టి ఈ రోజే అమ్మవచ్చు. ఇల్లు అలా కాదు, దానికి తగిన మనిషి రావాలి. ఎంత తరచుగా వస్తాడు, వచ్చినవాడు ఒప్పుకునే అవకాశమెంత అన్న రెండింటి మీదే నిరీక్షణ ఆధారపడి ఉంటుంది.

గిద్దలూరు ఇంటికి నిజంగా కొనే ఉద్దేశమున్న మనిషి సగటున రెండు నెలలకొకరు వస్తారనీ, నలుగురిలో ఒకరు 24 లక్షలకు ఒప్పుకుంటారనీ అనుకుందాం. సగటు నిరీక్షణ ఎనిమిది నెలలు. ఇక్కడే సగటు మనల్ని మోసం చేస్తుంది. ఇలాంటి వంద ఇళ్లు ఉంటే, సంభావ్యతా సిద్ధాంతం ప్రకారం సగం అయిదున్నర నెలల్లోనే అమ్ముడవుతాయి. వాళ్ల కథలే మనకు వినబడతాయి: ఫలానాయన ఇల్లు మూడు నెలల్లో పోయిందట అని. కానీ ఎనిమిది నెలలు దాటినా అమ్ముడవని ఇళ్లు 37 ఉంటాయి. పదహారు నెలలు దాటేవి 13 లేదా 14. రెండేళ్ల బ్రిడ్జ్ లోన్ గడువు ముగిసినా తాళంతోనే ఉండేవి 5. ఇంకో చేదు నిజం: ఎనిమిది నెలలు ఎదురుచూశాం కాబట్టి కొనేవాడు దగ్గరపడ్డాడనడానికి ఏ ఆధారమూ లేదు. ఆ రోజు నుంచి లెక్క వేసినా సగటు నిరీక్షణ మళ్లీ ఎనిమిది నెలలే.

ఈ లెక్కలో కొనేవాళ్లు ఏడాది పొడవునా ఒకే తీరుగా వస్తారన్న ఊహ ఉంది. మన దగ్గర అది నిజం కాదు. ఆషాఢంలోనూ మూఢాల్లోనూ బేరం మాట్లాడేవాళ్లే తగ్గిపోతారు. రైతుల చేతిలో డబ్బాడేది మిర్చి, పత్తి, కంది అమ్మిన తర్వాతే. వేసవిలో ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్లు ముందు బోరు మోటారు వేయించి నీళ్లు చూస్తారు, తర్వాతే గదులు చూస్తారు. ట్యాంకరు వచ్చే వీధి అని తెలిస్తే బేరం అక్కడే ఆగుతుంది. వీధిపోటు ఉంటే సగం మంది గుమ్మం దాకా కూడా రారు. వాస్తును నమ్మాలా వద్దా అన్నది వేరే సంగతి. నమ్మేవాళ్లు పదిమంది ఉన్న బజారులో నమ్మనివాడి ఇల్లు కూడా ఆలస్యంగానే అమ్ముడవుతుంది. 2011 జనాభా లెక్కల్లో మార్కాపురం పట్టణ జనాభా 71 వేల పైచిలుకు. అంతటి పట్టణంలో ఒక వీధిలో, ఒక ధరలో, ఒక దిక్కున ఉన్న ఇంటికి ఒక ఏడాదిలో తగిన కొనుగోలుదారులు ఎందరుంటారో ఎవరికివారు వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

ఖాళీగా పెట్టిన ఇల్లు ఉన్నచోటే ఉండదు, దిగజారుతుంది. ఇది పల్లెల్లోని మట్టి మిద్దెల్లో స్పష్టంగా కనిపిస్తుంది. మిద్దె మీద వానలకు ముందు చౌడు మట్టి పరిచి, తొక్కి, నీళ్లు దూలం వైపు కాకుండా గొట్టం వైపు జారేలా వాటం చూడాలి. మనుషులున్న ఇంట్లో ఇది ఏటా జరిగే పని. తాళం వేసిన ఇంటికి ఒక్క వానాకాలం అది తప్పితే దూలం మీద చెమ్మ మచ్చ పడుతుంది, తర్వాత చెద పడుతుంది. వచ్చినవాడు ఆ మచ్చ చూసి యాభై వేలు తగ్గిస్తాడు. డాబా ఇళ్లకు ఇంత బాధ లేకపోయినా ఇంటి పన్ను, కరెంటు మీటరు ఛార్జీ ఆగవు. అద్దెకిస్తే నాలుగు రూపాయలొస్తాయి, కానీ అద్దెవాళ్లున్న ఇంటిని చూపించడం కష్టం, ఖాళీ చేయించడం ఇంకా కష్టం.

ఇన్నీ కలిపి చూస్తే ఒక ఆసక్తికరమైన సంగతి బయటపడుతుంది. గిద్దలూరు ఇంటికి ఇవాళ ఒకాయన వచ్చి 22 లక్షల 50 వేలకు సిద్ధమన్నాడనుకుందాం. ఆశించిన దానికన్నా లక్షన్నర తక్కువ. ఇవ్వాలా, ఆగాలా? ప్రోనోటు అప్పు ఉన్నవాళ్లకు లక్షన్నర అంటే నాలుగు నెలల వడ్డీ కూడా కాదు. సగటున ఎనిమిది నెలలు ఆగాలంటే 3 లక్షల 20 వేలు పోతుంది. ఇచ్చేయడమే లాభం. బ్యాంకు అప్పు ఉన్నవాళ్లకు ఆ లక్షన్నర ఎనిమిదిన్నర నెలల వడ్డీ. ఆగినా ఆగకపోయినా దాదాపు సమానమే, ఇక మనసును బట్టి తేల్చుకోవచ్చు. ఒకే ఇల్లు, ఒకే బేరం, ఇద్దరికీ సరైన జవాబు మాత్రం వేరు. పాత ఇంటిని ఎంతకు ఇవ్వవచ్చన్నది ఆ ఇంటి గోడల్లో లేదు, కొత్త ఇంటికి తెచ్చిన అప్పు కాగితంలో ఉంది. కాబట్టి ఈ కనీస ధరను అప్పు తేకముందే, కుటుంబమంతా కూర్చుని, నెలవారీగా రాసిపెట్టుకోవాలి. మూడో నెలలో ఇంత వస్తే ఇస్తాం, ఆరో నెలలో ఇంత, తొమ్మిదో నెలలో ఇంత అని.

అలా రాసుకున్నవాళ్లు అరుదు. ఎందుకో డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్‌లు 2001లో ప్రచురించిన పరిశోధన కొంత చెబుతుంది. 1990ల్లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఫ్లాట్ల ధరలు పడిపోయినప్పుడు, కొన్న ధర కన్నా నష్టానికి అమ్మవలసిన యజమానులు మిగతావాళ్ల కన్నా ఎక్కువ ధర చెప్పారు, వాళ్ల ఫ్లాట్లు ఎక్కువ కాలం బజార్లోనే ఉండిపోయాయి. మనిషికి తాను మనసులో పెట్టుకున్న అంకె కన్నా తగ్గడం నష్టంగా తోస్తుంది, నెలనెలా జారిపోయే వడ్డీ మాత్రం అలా తోచదు. మన ప్రాంతంలో ఆ మనసులోని అంకెకు మరో ఆజ్యం కూడా తోడైంది. 1996లో శంకుస్థాపన జరిగిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు నీళ్లొస్తాయన్న ఆశ, 2025 చివర మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పాటు కావడం, ఈ రెంటితో ప్రతి స్థలం యజమానీ ధర పెంచి చెబుతున్నాడు. చెప్పే ధర ఒక్క వార్తతో పెరుగుతుంది. ఇచ్చే ధర పెరగాలంటే జీతాలు, అద్దెలు, వ్యాపారాలు రావాలి. కొత్త ఇల్లు పెరిగిన ధరకు కొని, పాత పల్లె ఇంటికీ అదే పెరుగుదల ఉందనుకోవడం ప్రమాదకరం. కలెక్టరాఫీసు వచ్చేది మార్కాపురానికి, కొమరోలు పక్క పల్లెకు కాదు.

ముందు కొనాలా, ముందు అమ్మాలా అన్న ప్రశ్నను నేరుగా తీసుకున్న పరిశోధన కూడా ఒకటుంది. ఎస్పెన్ మోయెన్, ప్లామెన్ నెనోవ్, ఫ్లోరియన్ స్నీకర్స్ డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్ లెక్కలు చూసి, కొనేవాళ్లు ఎక్కువగా ఉన్న కాలంలో జనం ముందు కొని తర్వాత అమ్మడానికీ, అమ్మేవాళ్లు ఎక్కువగా ఉన్న కాలంలో ముందు అమ్మడానికీ మొగ్గుతారని వివరించారు. దీన్ని మన దగ్గరకు తెచ్చుకుంటే, పాత ఇల్లు మార్కాపురం నడిబొడ్డున ఉంటే ముందు కొనడంలో అంత భయం లేదు. పల్లెలో ఉంటే ముందు అమ్మడమే నయం. ఇది నా అభిప్రాయం కూడా.

ముందు కొన్నవాళ్లకు వడ్డీ కాకుండా మరో గడియారం తిరుగుతూ ఉంటుంది. రెండేళ్లకు మించి చేతిలో ఉన్న ఇల్లు అమ్మితే వచ్చే లాభంపై పన్ను నుంచి 1961 ఆదాయపు పన్ను చట్టం 54వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. లాభాన్ని మరో ఇంటి మీద పెట్టాలి. ఆ ఇల్లు అమ్మకానికి ముందు ఒక ఏడాదిలోపు గాని, తర్వాత రెండేళ్లలోపు గాని కొనాలి, లేదా మూడేళ్లలో కట్టుకోవాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే 2025 చట్టంలో సెక్షన్ల అంకెలు మారినా ఈ గడువులు మారలేదు. ముందు కొన్నవాళ్లకు ఆ ఏడాదే ముఖ్యం. కొత్త ఇల్లు రిజిస్టరయిన పన్నెండు నెలల్లో పాతది అమ్ముడవకపోతే ఆ కొనుగోలు మినహాయింపుకు పనికిరాదు. లాభం 15 లక్షలనుకుంటే 12.5 శాతం చొప్పున పన్ను 1,87,500 రూపాయలు, సెస్సు అదనం. 2024 జూలై 23కు ముందు సంపాదించిన ఇంటికి ధరల సూచీ కలిపి 20 శాతం లెక్క కూడా వేసి, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. తాతల ఇల్లయితే 2001 ఏప్రిల్ 1 నాటి విలువ మీద లెక్క. పదకొండో నెలలో వచ్చిన తక్కువ బేరం పదమూడో నెలలో వచ్చే మంచి బేరం కన్నా మేలు కావచ్చు.

అమ్మకం ముందు, తరలడం తర్వాత అన్న క్రమాన్ని చట్టమే రాసిపెట్టిన సందర్భం ఒకటి ఈ ప్రాంతంలోనే అందరికీ తెలుసు. వెలిగొండ కింద నల్లమల సాగర్ జలాశయం ముంపులో సుంకేసుల, గొట్టిపడియ వంటి ఊళ్లున్నాయి. 2013 భూసేకరణ చట్టం 38వ సెక్షన్ ప్రకారం పరిహారం, పునరావాసపు సొమ్ము ముందు చెల్లించాకే ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాలి. డబ్బు చేతికి రాకముందు గూడు వదలకూడదన్న సూత్రం అందులో ఉంది. సొంతంగా ఇల్లు మారేవాళ్లకు అలాంటి రక్షణ ఏదీ లేదు. దాన్ని అగ్రిమెంటులో రాసుకోవాలి.

అమ్మేటప్పుడు రిజిస్ట్రేషన్ అయ్యాక కూడా నాలుగైదు నెలలు అదే ఇంట్లో అద్దెకు ఉంటామని కొనేవాడితో ఒప్పందం చేసుకోవచ్చు. నెలకు ఆరేడు వేల అద్దె, 40 వేల వడ్డీ ముందు ఏపాటిది! కొనేటప్పుడు, పాత ఇంటి బేరం గడువు ముగిశాక ఒక నెల మిగిలేలా కొత్త ఇంటి గడువు పెట్టించుకోవాలి. రెండు అగ్రిమెంట్లూ ఒకే డాక్యుమెంట్ రైటర్ చేత రాయించినా తేదీలు మనమే పోల్చి చూసుకోవాలి. అమ్మకపు అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన ఆస్తి మీద హక్కు రాదని 1882 ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. కొనేవాడు వెనక్కు తగ్గితే మన చేతిలో ఉండేది అతనిచ్చిన అడ్వాన్సు మాత్రమే. అందుకని పాత ఇంటికి వచ్చిన అడ్వాన్సు కన్నా ఎక్కువ మొత్తం కొత్త ఇంటికి అడ్వాన్సుగా ఇవ్వకపోవడం మంచిది.

పాత ఇంటి మీద అప్పటికే గృహ రుణం ఉంటే ఇంకో మెలిక. ఒరిజినల్ కాగితాలు బ్యాంకులో ఉంటాయి, తాకట్టు సంగతి ఈసీలో కనబడుతుంది, కొనేవాడు జంకుతాడు. బ్యాంకు నుంచి మిగిలిన బాకీ ఎంతో రాతపూర్వకంగా తీసుకుని, కొనేవాడి డబ్బులోంచి అంత మొత్తాన్ని నేరుగా ఆ రుణ ఖాతాకే కట్టిస్తే అతనికి ధైర్యం వస్తుంది. వ్యక్తుల చర వడ్డీ గృహ రుణాన్ని ముందే తీర్చినందుకు బ్యాంకు అపరాధ రుసుము వేయకూడదు. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం, బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు తిరిగి ఇచ్చేయాలి, తాకట్టు నమోదును తొలగించాలి. తమ తప్పు వల్ల ఆలస్యమైతే బ్యాంకు రోజుకు 5,000 రూపాయల చొప్పున చెల్లించాలి. కాబట్టి అగ్రిమెంటులో రిజిస్ట్రేషన్ గడువు పెట్టేటప్పుడు బాకీ తీర్చే రోజు నుంచి ఈ 30 రోజులూ కలుపుకుని పెట్టాలి.